పింకీ పుట్టువెంట్రుకలు

ఎన్నికల ఫలితాలు వచ్చిన తర్వాతి వారం కృపాకర్ మా వాడకు వచ్చాడు. వెంట జెండాలు లేవు, డప్పులు లేవు. ప్రతి గడప ముందూ ఆగి ఒకటే మాట అడుగుతున్నాడని యాదయ్య ముందుగానే వచ్చి నా చెవిన వేశాడు.

"పెంటవ్వా, ఆయన పార్టీ మన తాన ఎందుకు ఓడిందో మనల్నే అడుగుతున్నడు. రాసుకొని రమ్మని పైనోళ్ళు చెప్పిన్రట."

"నువ్వేం చెప్పినవ్?"

"నేనేం చెప్త? ఎండ మస్తు కొడుతున్నది, మజ్జిగ తాగుతవా అన్న."

యాదయ్య పక్కింటివాడు. ట్రాలీ ఆటోలో మా పూలు మార్కెట్‌కు చేరవేస్తాడు. మాటకారి. ఆ మాటకారి కూడా ఆ రోజు అంతకంటే ఎక్కువ చెప్పలేదంటే, చెప్పడానికి చాలా ఉందన్నమాట.

మా ఊరు చేవెళ్ళకూ మొయినాబాద్‌కూ నడుమ, రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. ఒకప్పుడు జొన్నలూ కూరగాయలూ పండేవి. ఇప్పుడు గులాబీ తోటలు. తోటలు అమ్ముడైన చోట ప్రహరీ గోడలు. దేశాన్ని ఏలుతున్న పార్టీకి మా మండలంలో పెద్దదిక్కు కృపాకర్. ఆ పార్టీని మా వాడలోకి తెచ్చింది మాత్రం ఆయన కాదు, నా కోడలు నీలవేణి. ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టి ఓటు అడిగింది. పోలింగు రోజు బడి బయట టేబుల్ వేసుకుని చీటీలు రాసిచ్చేది కూడా ఆమే. "నీలవేణి ఏడుంటే మా ఓటు ఆడనే" అని ఆడవాళ్ళు నవ్వుతూనే అనేవాళ్ళు, నవ్వుతూనే వేసేవాళ్ళు.

నా కొడుకు శ్రీశైలానికి ఇద్దరు పిల్లలు. పెద్దది సింధుజ, షాబాద్‌లో ఇచ్చాం. చిన్నవాడు రంజిత్. డిగ్రీ సగంలో ఉండగా పటాలానికి పోయాడు. పాత రోజుల్లో పటాలం అంటే పింఛను వచ్చేదాకా కొలువు. వీడు పోయింది నాలుగేళ్ళ కొలువుకు. ఆ తర్వాత కొందరిని ఉంచుకుంటారట, మిగిలినవాళ్ళను ఇంటికి పంపిస్తారట.

"మన గులాబి చెట్టునన్న ఐదారేండ్లు ఉంచుతం గదనే" అన్నాడు శ్రీశైలం.

"నీకన్నీ చెట్లే" అని నీలవేణి కసిరింది. "ఆడికి పోతె పోరనికి క్రమశిక్షణ వస్తది. వాపస్ వచ్చినంక పోలీసు నౌకరి చూస్తమని కృపాకరన్న చెప్పిండు."

చేవెళ్ళ బస్టాండులో వాడిని బస్సు ఎక్కించాం. నాకు ఒక అలవాటు ఉంది. నా పెనిమిటిని ఎవరో జీపులో పడుకోబెట్టి పట్నం దవాఖానకు తీసుకుపోయారు. అప్పుడు ఆయనకు తెలివి లేదు. పోయొస్త అనలేదు, రానూ లేదు. అప్పటినుంచి నా గడప దాటే ఎవరైనా సరే పోయొస్త అనాల్సిందే. జాగ్రత్తగా పోయిరమ్మని నేను "పైలం" అనాల్సిందే. యాదయ్య మొయినాబాద్ దాకా వెళ్ళొచ్చేటప్పుడు కూడా నా పోరు పడలేక వాకిట్లో నిలబడి, "అవ్వా, మొయినాబాద్ దేశానికి పోయొస్త" అని వెక్కిరించి పోతాడు. రంజిత్ బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి, "పోయొస్త నాయినమ్మా, పోయొస్త, పోయొస్త. సరిపోయిందా?" అన్నాడు. బస్సు కదిలేదాకా "పైలం" అంటూనే ఉన్నాను.

నాకు బడి చదువు లేదు. గులాబీ కట్టలకు చుట్టే పాత పేపర్లలో అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఎవరినీ అడగకుండా నేను చదివిన మొట్టమొదటి మాట పేపర్లోది కాదు. రంజిత్‌ను ఒకటో తరగతిలో దింపడానికి వెళ్ళినప్పుడు బడి గేటుకు పలక వేలాడుతోంది. దాని మీద సుద్దతో రాసింది చదివి, "ఇయ్యాల సెలవురా" అన్నాను. వాడు నన్ను నమ్మలేదు. గేటుకు తాళం చూశాక ఎగిరి గంతేశాడు. పెద్దయ్యాక కూడా ఆ ముచ్చట మరిచిపోలేదు. పటాలం నుంచి ఫోన్ చేస్తే అమ్మతో "లీవు" అనేవాడు, నాతో మాత్రం "సెలవు" అనేవాడు.

మాకు ఆ సెలవు ఎందుకు కావాలంటే, సింధుజ కూతురు పింకీ పుట్టువెంట్రుకలు తీయాలి. మా ఇళ్ళల్లో ఆ వెంట్రుకలు మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి తీస్తారు. మొదటి కత్తెర మేనమామే వేస్తాడు, తర్వాత మంగలి. ఎల్లమ్మ ముందర, మూడో ఏడు దాటకముందే అయిపోవాలి. మేనమామ లేకుండా ఆ పిల్ల తలకు కత్తెర తగలకూడదు. పింకీ జుట్టు చెవులు దాటింది, మెడ దాటింది. చెమటకు చిక్కులు కట్టేది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా దువ్వెన పట్టుకుంటే చాలు, ఆ పిల్ల వాడంతా వినబడేలా ఏడ్చేది.

"నేనొచ్చేదాంక ముట్టకుండ్రి" అని రంజిత్ ప్రతి ఫోన్లోనూ చెప్పేవాడు. "నాయినమ్మా, ఈ నెల గుడ సెలవు దొర్కలే."

"నాకొచ్చిన సదువే ఒక్క మాట. గదే నీకు దొర్కకపాయె" అనేదాన్ని.

నీలవేణి వెళ్ళి కృపాకర్‌ను అడిగింది. ఆయన మా ఇంటికే వచ్చి, మంచం మీద కూర్చుని, చాయ తాగుతూ పింకీని దగ్గరికి పిలిచాడు.

"అరె, గింత జుట్టేంది బిడ్డా! అక్కా, గిదెంత పని? మంత్రిగారి పీఏ మనోడే. సెలవు ఇప్పిచ్చే పూచీ నాది. నువ్వు జర చేవెళ్ళ మీటింగుకు ఆడోళ్ళను తీస్కరా."

తీసుకుపోయింది. యాదయ్య ఆటోలో, ఎండలో, రెండు విడతలుగా. ఆ తర్వాత ఇంకో మీటింగు. ఆ తర్వాత ఇంకొకటి.

ఇంతలో సముద్రం అవతల ఎక్కడో యుద్ధం మొదలైంది. అందులో మన ఏలికలు ఎవరి పక్క నిలబడ్డారో, ఎందుకు నిలబడ్డారో పేపర్లో చదివినా నాకు సరిగ్గా అంతుపట్టలేదు. మా వాడకు తెలిసింది ఒకటే, యూరియా రాలేదు. సొసైటీ ముందు జనం నిలబడలేక చెప్పులు వరసలో పెట్టి చెట్ల నీడకు పోయేవాళ్ళు. ఒకరోజు లారీ వచ్చిందనగానే తోపులాట జరిగింది. బస్తాలు ముందు తలుపు తెరవకముందే వెనక తలుపు నుంచి పార్టీ మనుషుల ట్రాక్టర్లలోకి వెళ్ళిపోయాయి. గ్యాసు బండ కూడా కరువైంది. ఎదురింటి ఎంకమ్మ మళ్ళీ రాళ్ళు పేర్చి పొయ్యి పెట్టుకుంది.

నీలవేణి ఇల్లిల్లూ తిరిగి సర్దిచెప్పింది. "యుద్ధం మన దగ్గర్నా? ఓడలు ఆగినయట. మన పార్టోళ్ళేం చేస్తరు పాపం?"

"ఓడలు ఆగితే ఆగనీ" అన్నాడు యాదయ్య. "నా చెప్పులెందుకు పోయినయో అది చెప్పు. కొత్త జత. అవి గుడ ఓడలనే పోయినయా?"

అందరూ నవ్వారు. నీలవేణి కూడా నవ్వింది. కానీ ఆ సాయంత్రం అన్నం పెడుతూ, "అత్తమ్మా, నా మాట మీద ఎంకమ్మ ఓటేసింది. ఇయ్యాల నా ముందే కట్టెల పొగకు దగ్గుతున్నది" అంది. ఆమె నోట అట్లాంటి మాట నేను వినడం అదే మొదలు.

తర్వాత మన సరిహద్దులోనే యుద్ధం వచ్చింది.

టీవీలో పొద్దంతా కేకలే. మా చౌరస్తాలో పటాకులు కాల్చారు. కృపాకర్ లడ్డూల డబ్బాలు పంపించాడు. నీలవేణి వాటిని ఇంటింటికీ పంచింది. మన పోరడు ఆడనే ఉన్నాడు, గెలిచి వస్తాడు అనుకుంది పాపం. నా చేతిలో కూడా ఒకటి పెట్టింది.

"యుద్ధానికి లడ్డులెందుకే?" అన్నాను.

"ఊకో అత్తమ్మా. నువ్వు దేనికైన బుగులు పడతవ్."

బుగులు పడ్డాను నిజమే. ఆ లడ్డూ నేను తినలేదు, పారేయనూ లేదు. దేవుడి గూట్లో పెట్టాను. చీమలు పట్టాయి.

యుద్ధం మొదలైన నాటినుంచి రంజిత్ ఫోన్ కలవలేదు. సెలవులన్నీ రద్దయ్యాయని పేపర్లో చదివాను. నీలవేణి ఫోన్ చేసినప్పుడల్లా కృపాకర్ ఒకటే చెప్పేవాడు. "ఫికర్ చెయ్యకక్కా. యుద్ధం ఆగినంక మొట్టమొదటి సెలవు మనోనిదే. ఇంతకుముందే మాట్లాడి పెట్టిన."

యుద్ధం ఆగింది. ఎందుకు మొదలైందో చెప్పినంత గట్టిగా, ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు. గెలిచామన్నారు. చేవెళ్ళలో విజయ ర్యాలీ పెడుతున్నామని, చల్లడానికి గులాబీలు కావాలని కృపాకర్ మాకే చెప్పించాడు. తెల్లవారి తోటలో ఉన్న పువ్వంతా కోశాం. నేనూ యాదయ్యా గంపలు ఆటోలో వేసుకుని బయలుదేరాం. ఆ రోజు నీలవేణికి తీరిక లేదు. సింధుజ పింకీని తీసుకుని ముందురోజే వచ్చి ఉంది.

చేవెళ్ళ చౌరస్తాలో ఇద్దరు మనుషులు స్తంభానికి నిచ్చెన వేసి పెద్ద ఫ్లెక్సీ కడుతున్నారు. ఒక మూల ఇంకా వేలాడుతోంది. యాదయ్య ఆటో ఆపాడు.

"అవ్వా! గది మన రంజిత్ కాదూ?"

మనవడే. టోపీ పెట్టుకుని, పళ్ళు కనబడేలా నవ్వుతున్నాడు. వాడు ఫోన్లో పెట్టుకున్న ఫోటోయే అది. పైన వరసగా పెద్ద నాయకుల ముఖాలు, రంజిత్ ముఖం కంటే పెద్దవి. కింద చేతులు జోడించి కృపాకర్. నేను అద్దాలు సరిచేసుకుని పైకే చదివాను. "మన గడ్డ ముద్దుబిడ్డ... వీర జవాను రంజిత్..." దాని కింద ఒంటరిగా, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఒక్క మాట. ఆ మాట కూడబలుక్కునే పని లేదు నాకు.

"సెలవు."

"ఏందీ?"

"సెలవురా యాదయ్యా! వానికి సెలవిచ్చిన్రు!"

చావు ఫ్లెక్సీలు నేను చూడనివి కావు. బొమ్మకు దండ ఉంటుంది. పుట్టిన రోజు, పోయిన రోజు ఉంటాయి. కన్నీళ్ళ మాట ఏదో ఒకటి ఉంటుంది. ఇందులో అవేవీ లేవు. కింద కృపాకర్ ఉన్నాడు. సెలవు ఇప్పిస్తానన్న మనిషి, ఇప్పించాక నలుగురికీ తెలిసేలా వేయించుకున్నాడు అనుకున్నాను. ఏం చేసినా ఫ్లెక్సీ వేయించుకునే మనిషే కదా.

"గిట్ల సెలవుకు గుడ ఫ్లెక్సీ కడతరా వీళ్ళు!" అని యాదయ్య తొడ చరిచాడు. "ఏమైతేంది, మాట నిలబెట్టుకున్నడు. అవ్వా, కల్లు తాపియ్యాలె."

గంపలు దింపుకున్న పార్టీ కుర్రవాళ్ళు ర్యాలీ కొంచెం ఆలస్యం అవుతుందన్నారు. ముఖాలు దిగాలుగా ఉన్నాయి. పొద్దున్నే లేచినందుకు అనుకున్నాను. నిచ్చెన మీద మనిషిని, "జర గట్టిగ కట్టు బిడ్డా, గాలికి పడకుండ. వాడు నా మనుమడు" అన్నాను. అతను నా వైపు చూసి, మళ్ళీ తాడు వైపు తిరిగాడు.

యాదయ్య ఊళ్ళోకి హారన్ కొడుతూనే వచ్చాడు. మేం ఆటో దిగేలోపే వాడంతా తెలిసిపోయింది. శ్రీశైలం తోటలోంచి పరిగెత్తుకొచ్చాడు. సింధుజ ఏడుస్తూ నవ్వింది. ఎంకమ్మ చేతిలో ఉన్న పుల్లతోనే వచ్చి నిలబడింది. నీలవేణి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వే చదివినవా అత్తమ్మా? సక్కగ చదివినవా?"

"ఆ మాటొక్కటి నేను తప్పు చదువుతనే?"

ఇంట్లో పని మొదలైంది. మంగలి అంజయ్యకు కబురు పెట్టారు. ఆదివారం ఎల్లమ్మ దగ్గరికి పోదామన్నారు. పింకీని అరుగు మీద కూర్చోబెట్టి సింధుజ ఆ పిల్ల తలకు నూనె అంటింది. "మామ వస్తున్నడు, మామ ఒళ్ళో గుండు చేపిచ్చుకుంటవా?" అంటే పింకీ రెండు చేతులూ తల మీద పెట్టుకుని "ఊహూ" అంది. అందరం నవ్వాం.

నీలవేణి ఫోన్ తీసుకుంది. మంచి చేసిన మనిషికి ముందు మొక్కాలి అంటుంది ఆమె. నేను పక్కనే ఉన్నాను. ఆ ఫోన్లో మాటలు బయటికి వినబడతాయి.

"అన్నా, నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె? సెలవు ఇప్పిచ్చినవ్. మా అత్తమ్మ చౌరస్తల ఫ్లెక్సీ చూసొచ్చింది. వాడు ఎప్పుడు బయల్దేరిండు? రైల్లనా?"

అటువైపు ఏమీ వినబడలేదు.

"అన్నా? వినొస్తున్నదా?"

"అక్కా..." అన్నాడు కృపాకర్. "మీకు... ఇంకెవ్వరు చెప్పలేదా?"

"ఏం చెప్పాలె?"

"నాకు పైనుంచి ఫోనొచ్చింది. మీకు చెప్పే ఉంటరనుకున్న. శ్రీశైలమన్నకు ఒకసారి ఫోనియ్యి అక్కా."

నీలవేణి ఫోన్ ఇవ్వలేదు. చెవి దగ్గరే పట్టుకుని నా వైపు తిరిగి చూసింది. ఆ చూపు ఇప్పటికీ నా ముందు నుంచి పోదు. అందులో నా మీద కోపం లేదు. ఆ మాట ఇంకోసారి చదివి చెప్పు అన్నట్టు చూసింది, అంతే.

మధ్యాహ్నానికి యూనిఫారం వేసుకున్నవాళ్ళు జీపులో వచ్చారు. వాళ్ళు మర్యాదగా, నెమ్మదిగా చెప్పారు. పాపం, వాళ్ళు వచ్చేసరికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. వాకిట్లో అంజయ్య కత్తెర సంచి పట్టుకుని నిలబడే ఉన్నాడు. సెలవు అంటే పట్నం వాళ్ళ రాతలో చచ్చిపోయినవాళ్ళకు చెప్పే మాట కూడా అని అప్పుడు తెలిసింది నాకు. మా ఇళ్ళల్లో ఎవరూ పోయినవాళ్ళకు సెలవు చెప్పరు. ఏడుస్తారు.

రంజిత్‌ను మరునాడు జెండా కప్పి తెచ్చారు. విజయ ర్యాలీకి కోసిన మా గులాబీలే వాడి బండి మీద చల్లారు. అవి మా తోట పూలని నేను గుర్తుపట్టాను. ఊరేగింపులో పార్టీ పాటలు పెట్టారు. శ్రీశైలం అది ఆపమని అడిగితే, కాస్త తగ్గించారు.

దినాలయ్యాక కృపాకర్ బడి ముందర సంతాప సభ పెట్టాడు. రంజిత్ విగ్రహానికి పునాదిరాయి అన్నాడు. కెమెరాలు వచ్చాయి. నీలవేణి రానంది. శ్రీశైలమే, "పోరని పేరు మీద పెడుతున్నరు, రాకపోతె బాగుండదు" అని బతిమాలితే వచ్చింది. ముందు వరసలో, తల మీద కొంగు కప్పుకుని కూర్చుంది. పక్కన సింధుజ, సింధుజ ఒళ్ళో పింకీ. మా వాడంతా వెనకాలే ఉన్నాం.

కృపాకర్ చాలాసేపు మాట్లాడాడు. దేశం అన్నాడు, త్యాగం అన్నాడు, ఎన్నికల్లో ఈ త్యాగాన్ని మరవొద్దు అన్నాడు. నాలుగేళ్ళ కొలువు గురించి ఏమీ అనలేదు. చివర గొంతు తగ్గించాడు.

"రంజిత్ తమ్ముడు పోతూ పోతూ ఒక పని మిగిలిచ్చి పోయిండు. మేనకోడలు పుట్టెంట్రుకలు తీసే పని. తమ్ముళ్ళారా, అక్కల్లారా, అందరి ముందట చెప్తున్న. ఇయ్యాల్టి నుంచి ఈ పాపకు మేనమామను నేను!"

వెనక నుంచి పార్టీ వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎవరో అంజయ్యను ముందే పిలిపించి స్టేజీ పక్కన కూర్చోబెట్టారు. కృపాకర్ కిందికి దిగి, సింధుజ తేరుకునేలోపే పింకీని ఎత్తుకుని పైకి పోయి కుర్చీలో కూర్చున్నాడు. కెమెరాలు దగ్గరికి జరిగాయి. కత్తెర అందుకోవడానికి అంజయ్య వైపు చేయి చాచాడు. పింకీ రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

నీలవేణి లేచింది. నడిచి వెళ్ళి స్టేజీ ముందు నిలబడింది. చేయి ఎత్తలేదు, గొంతు పెంచలేదు.

"అన్నా, పిల్లను దించు."

"అక్కా, మంచి పనికే..."

"దించు."

ఆయన నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. అంజయ్య చేతిలోని కత్తెరను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టేశాడు. మంగలి సంచి మూతిని తాడుతో బిగించిన చప్పుడు కూడా మైకులో వినబడింది. కృపాకర్ పింకీని దించాడు. నీలవేణి ఎత్తుకుని, జనం మధ్యనుంచి నడిచి ఇంటి దారి పట్టింది. ఆడవాళ్ళు దారి ఇచ్చారు. ఎంకమ్మ ముందు లేచి ఆమె వెనక నడిచింది. తర్వాత మిగతావాళ్ళూ లేచారు. ఎవరూ ఎవరినీ రమ్మనలేదు.

ఎన్నికలు వచ్చాయి. పోలింగు రోజు బడి బయట ఆ పార్టీ టేబుల్ దగ్గర ఎవరో పక్క ఊరి కుర్రవాడు కూర్చున్నాడు. వాడికి మా పేర్లు తెలియవు. ఆడవాళ్ళు వాడి దగ్గర ఆగకుండా వెళ్ళి ఓటేసి వచ్చారు. ఎవరికి వేశారో నీలవేణి అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

మా వాడలో ఆ పార్టీ ఓడిపోయింది. అందుకే ఆ రోజు కృపాకర్ కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఎంకమ్మ ఇంటి ముందు ఆగి మొదలుపెట్టాడు. మా అరుగు మీదికి అన్నీ వినబడుతున్నాయి.

"అక్కా, కోపం తెచ్చుకోకు. మన పార్టీ మీద మీకేం కష్టమొచ్చింది? ఒక్కటి చెప్పు చాలు."

"ఏం లేదన్న. పొయ్యి మీద కూరున్నది, మాడిపోతది."

"గ్యాసు గురించేనా?"

"గ్యాసెక్కడిది? కట్టెలే."

రాసుకున్నాడు. యాదయ్య తన వాకిట్లోంచే, "అన్నా, నా చెప్పుల సంగతి గుడ రాస్కో" అని కేకేశాడు. కృపాకర్ అది నిజంగానే రాసుకున్నాడేమో తెలియదు. తర్వాత మా గడప ముందు నిలబడ్డాడు. అరుగు మీద నీలవేణి పింకీకి జడ వేస్తోంది. మూడో ఏడు ఎప్పుడో దాటిపోయింది. జుట్టు వీపు మీదికి దిగింది. వీధిలో పోయే ప్రతివాళ్ళూ ఆ జడను చూస్తారు. ఎందుకు ఉంచారని మా వాడలో ఎవరూ అడగరు.

"బాగున్నవా అక్కా?" అన్నాడు. ముఖం చిక్కిపోయింది. "పైన నన్ను గట్టిగ అడుగుతున్నరు. ఈ వాడ ఎప్పుడు మనదే కదా, ఏమైంది అంటున్నరు. యుద్ధం గెలిచినం కదా, ఇంకా ఓట్లు పెరగాలె కదా అంటున్నరు. నాకేం చెప్పాల్నో సమజైతలేదు. నువ్వన్న చెప్పు."

నీలవేణి జడ మూడో పాయ తీసుకుంది. దువ్వెన నోట్లో పట్టుకుని ఉంది. ఆయన ఏదో ఒకటి మాట్లాడాలని పింకీని చూశాడు.

"పాపకు ఇంకా పుట్టెంట్రుకలు తీయలేదా?"

నీలవేణి దువ్వెన తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"లేదన్న" అంది. "మేనమామకు సెలవు దొర్కలే."

కృపాకర్ కాగితం వైపు చూశాడు. పెన్ను కాసేపు దాని మీద ఆగింది. ఏమీ రాయకుండానే మూత పెట్టాడు. వెనక్కి తిరిగి, వాకిలి దాటబోతూ, అలవాటు కొద్దీ కాబోలు నా వైపు చూశాడు.

"పోయొస్త అవ్వా."

ఈ మనిషికి ఆ మాట అనకూడదు అనుకున్నాను. కానీ శంకర్‌పల్లి దిక్కు ఆయనకూ ఒక ముసలి తల్లి ఉంది. నేను చూశాను ఆమెను.

"పైలం" అన్నాను.

నీలవేణి చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ జడ మీదికి పోయాయి. వీధిలో కృపాకర్ అవతలి ఇంటి ముందు నిలబడి, "అక్కా, కోపం తెచ్చుకోకు" అని మొదలుపెట్టడం వినబడింది. ఆ తర్వాత వినబడింది, ఆ ఇంటి తలుపుకు లోపలి నుంచి గొళ్ళెం పెట్టిన చప్పుడు.